దారిలో పాట

సంగీతము మనుజునకు లభించిన వరములలో నొకటి. పేదవానికిని అందుబాటులోనున్న వాహనమగుటచే సైకిలును వరమే. అయినను, మంచి వస్తువులు రెండు కలిసినంతమాత్రమున మేలు కలుగునని చెప్పజాలము. నేడు కొందరు బాలురు అరచేతిలో నిముడు స్పీకరును సైకిలు హేండిలునకు గట్టి, పెద్దగా పాటలు మ్రోయించుచు బడికి బోవుచున్నారు. ఈ యలవాటు తగినదేనా యని విచారింతము.

సైకిలు నడుపువాని కన్నులు ముందుదారిని జూచును. వెనుకనుండి వచ్చు లారీని వానికి దెలుపునది చెవియే. ధ్వని యేవైపున బుట్టునో ఆవైపు చెవిని ముందుగా జేరును. రెండవ చెవిని జేరుటకు సెకనులో వేయవవంతు కాలమైనను పట్టదు. అంతటి స్వల్పభేదమును బట్టియు, మెదడు వాహనము కుడినుండి వచ్చుచున్నదో, ఎడమనుండి వచ్చుచున్నదో గ్రహింపగలదు. మూరెడు దూరమున పాట మ్రోగుచుండగా నిట్టి సూక్ష్మధ్వనులు దానిలో మునిగిపోవును. పైగా విద్యుత్తుతో నడచు ఆటోలు, స్కూటర్లు నేడు పెరిగినవి. మెల్లగా సాగునపుడు వాని చప్పుడు మిక్కిలి తక్కువ. దారిలో నెరుక ఒక్క క్షణము తప్పినను ప్రాణమునకే ముప్పు.

“చెవులలో దూర్చుకొను ఇయర్‌ఫోనులకంటె స్పీకరు మేలుకదా! చెవులు తెరచియే యుండును, పాట విని యెదుటివారు తొలగుదురు” అని కొందరందురు. మొదటి మాటలో కొంత నిజము కలదు. కాని తెరచిన వాకిట పాటయే నిండియున్నచో ఇతర ధ్వనులకు త్రోవ యేది? రెండవ మాటకు సైకిలు గంటయే సమాధానము. గంట అవసరమైనపుడు మ్రోగి ఊరకుండును, పాట ఊరకుండదు.

మనకింపైన పాట యితరులకు నింపుగా నుండవలెనను నియమము లేదు. ఆ వీధిలో జ్వరముతో బడుకొన్న వృద్ధుడు ఉండవచ్చును. పరీక్షకు చదువుకొను బాలిక యుండవచ్చును. మనదేశమున 2000వ సంవత్సరమున వెలువడిన శబ్దకాలుష్య నియమములు నివాసస్థలములలో ధ్వని పగలు 55, రాత్రి 45 డెసిబెలులు మించరాదనుచున్నవి. ఆసుపత్రులు, విద్యాలయములు, న్యాయస్థానముల చుట్టును 100 మీటర్ల మేరనైనను నిశ్శబ్దమండలముగా బ్రకటించుటకు అవి వీలు కల్పించినవి. ఎదుటివాని శాంతిని గౌరవించుటకు చట్టమే కావలయునా? సంస్కారము చాలును.

బాలలారా! సంగీతమును విడువుడని నేననను. దానికి దగిన చోటొసగుడు. సగము మనస్సు దారిపైనను, సగము పాటపైనను నిలిపినవాడు రెండింటికిని అన్యాయము చేయును. చెట్టునీడన సైకిలు నిలిపి, తనివితీర వినుడు. దారి నడచునంతసేపు చెవిని దారికే యప్పగింపుడు.