అరువు నగలు కావు ఆ పాటలు

‘ద గ్రాడ్యుయేట్’ సినిమాను ఆకాశానికెత్తేవాళ్ళు కూడా అందులోని సంగీతం దగ్గరకు వచ్చేసరికి ఒక మెట్టు దిగి మాట్లాడతారు. పాటలు బాగున్నాయి గానీ అవి ఆ సినిమా కోసం పుట్టినవి కావంటారు. పాల్ సైమన్, ఆర్ట్ గార్ఫంకెల్ అంతకుముందే రికార్డులుగా విడుదల చేసినవాటిని దర్శకుడు మైక్ నికొల్స్ తెచ్చి బొమ్మకు తగిలించుకున్నాడని, కాబట్టి ఘనతంతా దర్శకుడిది, ఎడిటర్‌ది అని తేల్చేస్తారు. దీనికి తోడు ఇంకో మాట కూడా చాలాకాలంగా చలామణీలో ఉంది. ఆ ఇద్దరిదీ చెవికింపైన మెత్తటి సంగీతమట, బాబ్ డిలన్‌లో ఉన్న పదును అందులో లేదట. అరవైల నాటి కుర్రకారు జ్ఞాపకాల్లో మిగిలిన తీపి తప్ప దానికి వేరే విలువ లేదట.

ఈ రెండు అభిప్రాయాలూ తప్పు. మొదటిది సినిమా సంగీతం ఎలా పనిచేస్తుందో గమనించకపోవడం వల్ల వచ్చింది. రెండోది ఆ పాటల్ని సగమే వినడం వల్ల వచ్చింది. అరువు తెచ్చుకున్న నగలు ఒంటిమీద ఉన్నంతసేపూ మెరిసి తీసేయగానే మనిషిని మునుపటిలాగే వదిలేస్తాయి. ఈ పాటలు తీసేస్తే సినిమా మునుపటిలా మిగలదు. అది మరో కథ అయిపోతుంది.

ముందు ఈ పాటలు సినిమాలోకి ఎలా వచ్చాయో చూద్దాం. 1967లో నికొల్స్ ఈ సినిమా తీస్తున్న రోజుల్లో సైమన్, గార్ఫంకెల్ రికార్డులను అదే పనిగా వినేవాడు. ఎడిటర్ శామ్ ఓస్టీన్‌తో కలిసి కూర్పు చేసేటప్పుడు అసలు సంగీతం వచ్చేదాకా ఉంటాయని ఆ పాటల్నే దృశ్యాల కింద పరిచి చూశాడు. మరోపక్క సినిమా కోసం కొత్త పాటలు రాయడానికి సైమన్‌తో ఒప్పందం కుదిరింది. సైమన్ రాసిచ్చాడు కూడా. ‘పంకీస్ డైలమా’, ‘ఓవర్స్’ అనే ఆ రెండు పాటల్నీ నికొల్స్ వద్దన్నాడు. అవి తర్వాత 1968లో వచ్చిన ‘బుక్‌ఎండ్స్’ ఆల్బంలో చేరాయి.

సందర్భం కోసం పుట్టిన పాటే సినిమాకు సరిపోతుందని, బయట పుట్టింది అతుకుగానే మిగులుతుందని వాదించేవాళ్ళు ఈ చరిత్ర దగ్గర కాసేపు ఆగాలి. ఇక్కడ జరిగింది సరిగ్గా దానికి విరుద్ధం. కావాలని రాయించుకున్న పాటలు దృశ్యం ముందు నిలవలేకపోయాయి. మూడేళ్ళ కిందట ఇంకెక్కడో, ఇంకేదో దిగులుతో రాసుకున్న పాట నిలిచింది.

ఎందుకు నిలిచిందో తెలియాలంటే సినిమా మొదటి నిమిషాలు చూడాలి. చదువు ముగించుకొని ఇంటికొచ్చిన బెంజమిన్ లాస్ ఏంజెలెస్ విమానాశ్రయంలో కదిలే నడకదారి మీద నిలబడి ఉంటాడు. అతను నడవడు, ఆ దారే అతన్ని మోసుకుపోతుంది. ఆ పాత్ర వేసిన డస్టిన్ హాఫ్‌మన్ ముఖంలో సంతోషం లేదు, దుఃఖమూ లేదు. అప్పుడు ‘ద సౌండ్ ఆఫ్ సైలెన్స్’ మొదలవుతుంది. పాట అతని గురించి ఒక్క మాటా చెప్పదు. జనం మధ్య మాట తెగిపోయిన స్థితి గురించి, ఎవరూ ఎవరినీ వినిపించుకోని రాత్రి గురించి పాడుతుంది. పాటకు బెంజమిన్ ఎవరో తెలియదు, బెంజమిన్‌కు ఆ పాట వినిపించదు. వాటిని కలిపే పని ప్రేక్షకుడిది. బెంజమిన్ ఒంటరితనాన్ని వర్ణిస్తూ ఓ కొత్త పాట రాయించి ఉంటే ఆ పని కూడా పాటే చేసేసేది, మనకు చేయడానికి ఏమీ మిగిలేది కాదు.

అదే పాట మళ్ళీ సినిమా మధ్యలో వస్తుంది. ఇప్పుడు బెంజమిన్ ఈతకొలనులో తేలుతుంటాడు, హోటల్ గదిలో నాన్న స్నేహితుడి భార్య మిసెస్ రాబిన్సన్ పక్కన పడుకుంటాడు, ఇంట్లో అమ్మానాన్నల ముందు నుంచి మాట్లాడకుండా నడిచిపోతాడు. ఓస్టీన్ కత్తెర ఈ చోట్లన్నిటినీ కలిపేసింది. నీళ్ళలోంచి తేలుతెప్ప మీదికి ఎగబాకిన మనిషి మరుక్షణంలో మంచం మీద తేలతాడు. ఏ రోజు ముగిసి ఏ రోజు మొదలైందో తెలియదు. మొదట దిక్కుతోచని కుర్రాడి మౌనంలా వినిపించిన పాట ఇక్కడ అలవాటుగా మారిన మౌనంలా వినిపిస్తుంది. ఆ వెంటనే ‘ఏప్రిల్ కమ్ షి విల్’ వస్తుంది. ఏప్రిల్‌లో వచ్చిన ప్రేమ నెలనెలా నడిచి ఆకురాలే కాలానికి చల్లారిపోయే చిన్న పాట అది. తెర మీద ఆ బంధం ఇంకా సాగుతూనే ఉంటుంది గానీ దాని ముగింపు మనకు వినిపించేసింది. పాత్రలకన్నా ముందు పాటకు తెలుసు.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. మొదటి పాటలో రెండు గొంతులు ఉన్నాయి, రెండోది గార్ఫంకెల్ ఒక్కడి గొంతు. రెండు గొంతులు ఒంటరితనాన్ని పాడి, ఒకే గొంతు ఇద్దరి ప్రేమను పాడటం ఆ దృశ్యానికి ఎంత సరిపోయిందో చెప్పనక్కర్లేదు. ఇది నికొల్స్ తూచి చేశాడో, చెవి చెప్పినట్టు చేశాడో గానీ, ఆ గొంతుల్లో ఆ గుణం లేకపోతే ఏ ఎడిటరూ దాన్ని బల్ల మీద తయారుచేయలేడు.

గార్ఫంకెల్ పాట రాయడు, గిటార్ వాయించడు, కాబట్టి జంటలో అతనిది అదృష్టం మాత్రమేనని తేలిగ్గా కొట్టిపారేసేవాళ్ళకు కూడా జవాబు ఇందులోనే ఉంది. ఆ ఇద్దరూ 1941లో మూడు వారాల తేడాతో పుట్టారు. న్యూయార్క్‌లోని క్వీన్స్ ప్రాంతంలో ఒకే బడిలో చదివారు. ఎవర్లీ బ్రదర్స్ రికార్డులు వింటూ, ఎదురెదురుగా కూర్చుని ఒకరి పెదవుల కదలిక మరొకరు చూస్తూ గొంతులు కలపడం నేర్చుకున్నారు. 1957లో టామ్ అండ్ జెర్రీ అనే పేరుతో విడుదల చేసిన మొదటి రికార్డు నాటికి వాళ్ళకు పదహారేళ్ళు. అలా ఏళ్ళ తరబడి సాగిన సాధన వల్ల ఇద్దరూ ఒకే చోట మాట అందుకుంటారు, ఒకే చోట ఊపిరి వదులుతారు. ఒకే మనిషి లోపల ఇద్దరున్నట్టు వినిపిస్తుంది. తెర మీద నోరు విప్పని కథానాయకుడి వెనక అలాంటి గొంతు ఉండటం వేరు, ఒక గాయకుడు వచ్చి అతని బాధ పాడటం వేరు. సైమన్ ఒక్కడే పాడి ఉంటే అది సైమన్ దిగులు అయ్యేది. ఇద్దరు కలిసి పాడటం వల్ల అది ఎవరి పేరూ లేని దిగులైంది, అందుకే బెంజమిన్‌కు సరిపోయింది.

ఇక మెత్తదనం ఆరోపణ. ‘ద సౌండ్ ఆఫ్ సైలెన్స్’ 1964లో వాళ్ళ మొదటి ఆల్బంలో గిటార్, రెండు గొంతులతో వచ్చింది. ఆల్బం అమ్ముడుపోలేదు. సైమన్ ఇంగ్లండ్ వెళ్ళిపోయాడు. 1965లో నిర్మాత టామ్ విల్సన్, వాళ్ళకు చెప్పకుండానే, ఆ రికార్డింగ్ మీద ఎలక్ట్రిక్ గిటార్, బాస్, డ్రమ్స్ చేర్పించాడు. 1966 జనవరిలో ఆ రూపం అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. మనం సినిమాలో వినేది ఆ రూపాన్నే. జానపద బాణీ నెమ్మదికి రాక్ దరువు తోడై ఆ పాటలో ఒక కుదుపు ఉంది. కింద వాద్యాలు తరుముతుంటాయి, పైన గొంతులు తొణకవు. ఆ ఒత్తిడిలోనే పాట బలం ఉంది. దాన్ని మెత్తదనం అనుకోవడం చెవి చేసే పొరపాటు.

పైగా ఈ సినిమాలో ఆ నునుపుకు ఒక పని ఉంది. బెంజమిన్ ఉన్న ప్రపంచమంతా నునుపే. నీలంగా మెరిసే ఈతకొలను, కొత్త కారు, మర్యాదగా నవ్వే నాన్న స్నేహితులు. ఆ నునుపు మీద గరుకు గొంతు ఒకటి వచ్చి తిడితే అది బయటివాడి విమర్శ అయ్యేది. ఈ రెండు గొంతులు అదే నునుపుతో లోపలికి వచ్చి, అదే అందంతో ఆ బతుకు డొల్ల అని చెప్తాయి. డిలన్ పదును గొప్పదే. ఇక్కడ కావలసింది మాత్రం అది కాదు.

‘స్కార్‌బరో ఫేర్’ దీనికి మరో నిదర్శనం. బెంజమిన్ మిసెస్ రాబిన్సన్ కూతురు ఎలైన్ కోసం బర్క్లీ వెళ్ళి ఆమెను దూరం నుంచి చూస్తూ తిరిగే భాగంలో ఈ పాట వస్తుంది. అది ఇంగ్లండ్‌లో తరాలుగా పాడుకున్న జానపదం. ప్రేమించినవారిని అసాధ్యమైన పనులు చేయమని అడిగే పాట. సైమన్, గార్ఫంకెల్ దాని కింద యుద్ధానికి పోయిన సైనికుడి గురించిన మరో పాటను పొరలా వేశారు. పైన పల్లెపాట తియ్యగా నడుస్తుంటే కింద ఆ యుద్ధం మాట చెవిని అంటీ అంటకుండా పోతుంది. వియత్నాం యుద్ధంలో ఆ తరం కుర్రాళ్ళు చనిపోతున్న రోజులవి. కథ ఆ యుద్ధాన్ని చర్చకు పెట్టదు. పాట దాన్ని తీసుకొచ్చి ఒక విశ్వవిద్యాలయం చుట్టూ తిరుగుతున్న ప్రేమికుడి వెనక పెట్టింది. దీన్ని తీపి జ్ఞాపకం అనేవాళ్ళు పై పొరే విన్నారు.

ఈ పాట విషయంలోనే ఆ జంటను నిలదీయాల్సిన న్యాయమైన మాట ఒకటుంది. సైమన్ దాన్ని లండన్‌లో మార్టిన్ కార్తీ అనే జానపద గాయకుడి దగ్గర నేర్చుకున్నాడు. రికార్డు మీద కార్తీ పేరు లేదు, అది జానపదమన్న సంగతీ లేదు. కార్తీ చాలాకాలం నొచ్చుకున్నాడు. 2000లో లండన్ వేదిక మీద ఇద్దరూ కలిసి ఆ పాట పాడాకే ఆ గాయం మానింది. జానపదం తీసుకున్నవాడు ఎవరి నోట తీసుకున్నాడో చెప్పాలి, అందులో రెండో మాట లేదు. ఆ తప్పును తప్పనే అనాలి గానీ, దాన్ని చూపించి సినిమాలో ఆ పాట చేసిన పనిని చెరిపేయకూడదు.

సినిమా కోసమే రూపం దిద్దుకున్న ‘మిసెస్ రాబిన్సన్’ కథ ఇంకా విచిత్రం. సైమన్ అప్పటికి ‘మిసెస్ రూజ్‌వెల్ట్’ అంటూ ఏదో అల్లుకుంటున్నాడు. గార్ఫంకెల్ ఆ సంగతి నికొల్స్ చెవిన వేశాడు. పేరు మారి పాట సినిమాలోకి వచ్చింది, అదీ సగమే. చరణాలు అప్పటికి పూర్తికాలేదు. పల్లవి, కొన్ని అర్థంలేని అక్షరాలు, గిటార్ మీటు, అంతే. ఎలైన్ పెళ్ళి ఆపడానికి బెంజమిన్ కారులో దూసుకుపోతుంటే గిటార్ కూడా పరుగెడుతుంది. పెట్రోలు అయిపోయి కారు నెమ్మదించగానే మీటు కూడా తడబడి ఆగిపోతుంది. పాట బొమ్మకు అతికించిన కాగితమే అయితే ఇలా ఇంజనుతోపాటు ఊపిరి ఆపుకోగలదా? పూర్తి పాట 1968లో వచ్చి మొదటి స్థానానికి చేరింది, మరుసటి ఏడాది గ్రామీల్లో ఆ ఏటి మేటి రికార్డుగా నిలిచింది. సినిమాకు మాత్రం ఆ పూర్తికాని ముక్కే చాలింది.

మన దగ్గర ఈ అరువు వాదం తేలిగ్గా చెల్లడానికి కారణముంది. దర్శకుడు సందర్భం చెప్తే సంగీత దర్శకుడు బాణీ కట్టడం, కవి అందులో మాటలు పొదగడం మనకు తరాల అలవాటు. అది గొప్ప సంప్రదాయమే. అయితే ‘శంకరాభరణం’ (1980) గుర్తు తెచ్చుకుందాం. అందులో భద్రాచల రామదాసు, సదాశివ బ్రహ్మేంద్రులు, మైసూరు వాసుదేవాచార్యుల కీర్తనలు ఉన్నాయి. అవి శంకరశాస్త్రి కోసం పుట్టినవి కావు. అయినా విశ్వనాథ్ అరువు తెచ్చాడని మనమెవరమూ అనలేదు. కీర్తనకు మనమిచ్చే ఆ గౌరవాన్ని క్వీన్స్ కుర్రాళ్ళ పాటకు ఇవ్వకపోవడానికి కారణం ఏముంది? స్టాన్లీ కుబ్రిక్ 1968లో ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’కి అప్పటికే ఉన్న పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం తీసుకుంటే అది దార్శనికత అయింది. అంతకు కొన్ని నెలల ముందే నికొల్స్ ఇద్దరు జానపద రాక్ గాయకులను తీసుకుంటే అతికింపు అయింది. ఇక్కడ తేడా సంగీతంలో లేదు. ఏ సంగీతాన్ని పెద్దరికంతో చూడాలో ముందే నిర్ణయించుకున్న మనసులో ఉంది.

ఈ సినిమా విజయం తర్వాత రికార్డులు అమ్ముకోవడానికి సినిమాల్లో పాటలు కుక్కే అలవాటు పెరిగిన మాట నిజం. దృశ్యానికి ఏమీ చేయని పాటను ఆల్బం కోసం ఇరికించిన సినిమాలు చాలా వచ్చాయి. ఆ నింద అనుకరించినవాళ్ళదే. దారి చూపినవాళ్ళను దానికి బోనెక్కించడం అన్యాయం.

చివరి దృశ్యంతో ఈ వాదన తేల్చుకోవచ్చు. పెళ్ళి పీటల మీద నుంచి ఎలైన్‌తో పారిపోయిన బెంజమిన్ బస్సు ఎక్కుతాడు. ఇద్దరూ వెనక సీట్లో కూర్చుని నవ్వుతారు. నికొల్స్ కెమెరాను ఆపలేదు. నవ్వు మెల్లగా వాడిపోతుంది, ఒకరినొకరు చూసుకోరు, ‘ద సౌండ్ ఆఫ్ సైలెన్స్’ మూడోసారి మొదలవుతుంది. గెలుపు పాట రాయించి ఉంటే ఇది ప్రేమ గెలిచిన కథ అయ్యేది. విషాద గీతం రాయించి ఉంటే గుణపాఠం అయ్యేది. ఈ పాట ఏ తీర్పూ చెప్పదు. విమానాశ్రయంలో ఒక్కడికి వర్తించిన మౌనం ఇప్పుడు ఇద్దరికీ వర్తిస్తుందేమోనన్న అనుమానం మాత్రం మనలో నాటుతుంది. పాట తీసేసి ఆ దృశ్యం చూడండి. అలసిపోయిన ఇద్దరు యువకులు బస్సులో కూర్చున్నారు, అంతే మిగులుతుంది.

సినిమా సంగీతానికి కొలత ఇదే కావాలి. పాట ఏ సంవత్సరంలో, ఎవరి కోసం రాశారన్నది చరిత్రకారుడికి పనికొస్తుంది. అది లేకపోతే దృశ్యం ఏమవుతుందన్నదే రసికుడి ప్రశ్న. ఆ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పినవారెవరైనా సైమన్, గార్ఫంకెల్‌ల పేర్లను ‘ద గ్రాడ్యుయేట్’ సృష్టికర్తల వరసలో, నికొల్స్ పక్కనే రాయక తప్పదు.