రైలు కిటికీ, కారు తాళం

చలికాలం వచ్చిందంటే చాలు, మా వికారాబాదు వాళ్లమీద పట్నంలో వున్న చుట్టాలకు ప్రేమ పుట్టుకొస్తుంది. పదినెలలుగా పలకని ఫోను పలుకుతుంది. కుశలప్రశ్నలు రెండు అయ్యాక అసలు ప్రశ్న బయటపడుతుంది. "కోట్‌పల్లి వద్దామనుకుంటున్నాం. రైల్లో వస్తే బాగుంటుందా, కారు అద్దెకు తీసుకుంటే బాగుంటుందా?"

కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునేదానికి రైళ్ల సంగతీ కార్ల సంగతీ ఏం తెలుస్తుందని ఎవరికీ అనుమానం రాదు. పంతులమ్మ కనక అన్నీ తెలిసే వుంటాయని వాళ్ల నమ్మకం. విడివిడిగా చెప్పీ చెప్పీ నాకూ విసుగొచ్చింది. అంచేత ఈవారం అందరికీ కలిపి ఇక్కడే చెప్పేస్తున్నాను.

ముందు కోట్‌పల్లి సంగతి. ఇది వికారాబాదుకూ తాండూరుకూ నడుమ, అడవి అంచున వున్న జలాశయం. 1960 దశకంలో పొలాలకు నీళ్లివ్వడానికి కట్టారు. కట్టినవాళ్లకు విహారం మాట కలలో కూడా వచ్చి వుండదు. ఇప్పుడు ఆదివారం వస్తే అక్కడ తెడ్డు పడవల కోసం వరస కట్టాలి. చుట్టుపక్కల ఊళ్ల కుర్రవాళ్లే చొక్కా మీద తేలుడు కోటు తొడిగి, తెడ్డు చేతికిచ్చి, ఎలా వెయ్యాలో చెబుతారు. కోటు వద్దనే మగధీరులు కొందరుంటారు. వాళ్ల మాట వినకండి.

ఇక రైలు. ఈ దారి సామాన్యమైంది కాదు. నిజాం కాలంలో వాడి నుంచి సికిందరాబాదు దాకా 1874లో వేసిన పట్టాలివి. హైదరాబాదు రాజ్యానికి బొంబాయి దగ్గరైంది ఈ దారినే. లింగంపల్లి దాటి నాగులపల్లి, శంకరపల్లి వచ్చేసరికి మేడలు పలచబడతాయి. చిట్టిగిద్ద దాటాక ఎర్రమన్ను, కందిచేలు, దూరంగా గుట్టలు. కాఫీ అమ్మే అతను వస్తాడు. ఎదుటి బెంచీ మీది ముసలాయన మన ఊరూ పేరూ కనుక్కుంటాడు. రెండు గంటలలోపే వికారాబాదు జంక్షన్ వచ్చేస్తుంది.

వచ్చేస్తుంది సరే, ఆ తరవాత? కోట్‌పల్లి అక్కడికి ఇంకా 20 కిలోమీటర్ల పైచిలుకు. ధారూరు స్టేషన్ దానికి దగ్గరే గాని, పెద్ద బండ్లు మామూలు రోజుల్లో అక్కడ ఆగవు. నవంబరులో మెథడిస్టు జాతర జరిగే రోజుల్లో మాత్రం ఆ చిన్న స్టేషనుకు గౌరవం దక్కుతుంది. పోనీ బస్సు అంటారా, మనకు కావలసినప్పుడు రాదు. గుంటూరు నుంచి వచ్చే పల్నాడు ఎక్స్‌ప్రెస్ మా ఊరిదాకా వచ్చి, కాస్సేపు ఆయాసం తీర్చుకుని, ఆ మధ్యాహ్నమే తిరుగుముఖం పడుతుంది. అదే బండిలో వచ్చి అదే బండిలో పోవాలనుకుంటే స్టేషన్ ఎదుట టీ తాగి వెళ్లడానికే సరిపోతుంది.

కారుకు ఈ బాధ లేదు. ఇంటి గుమ్మంలో ఎక్కి నీళ్ల ఒడ్డున దిగవచ్చు. అద్దె కార్లలో రెండు రకాలున్నాయి. పసుపు పలక మీద నల్ల అంకెలుంటే డ్రైవరుతో వచ్చే టాక్సీ. నల్ల పలక మీద పసుపు అంకెలుంటే మనమే నడుపుకోవడానికి పర్మిట్టున్న బండి. తెల్ల పలక బండి ఎవరైనా చవగ్గా ఇస్తామంటే పుచ్చుకోకండి. అది సొంతానికే గాని అద్దెకు కాదు, రేపు ఏమైనా జరిగితే బీమావాళ్లు ముఖం చాటేస్తారు. తాళం పుచ్చుకునే ముందు బండి నాలుగువైపులా తిరిగి గీతలన్నీ ఫోటో తీసుకోండి. మా ఎరికలో ఒకాయనకు పాత గీతకు కొత్త సున్నం పూసినట్టు బిల్లు వేశారు.

కారు దారి అందం కారుకుంది. చేవెళ్ల రోడ్డు మీద మన్నెగూడ దాకా తొమ్మిదివందలకు పైగా మర్రిచెట్లు గొడుగులు పట్టి నిలబడ్డాయి. రోడ్డు వెడల్పు కోసం వాటిని కొట్టాలా వద్దా అన్న వ్యాజ్యం హరిత ట్రిబ్యునల్‌లో ఏళ్ల తరబడి నడిచింది. ఈలోగా ఇరుకు రోడ్డు ఇరుకుగానే వుంది, బండ్లు మాత్రం పదింతలయ్యాయి. 2025 నవంబరు 3న తెల్లవారీ తెల్లవారకముందు మా తాండూరు బస్సును మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు గుద్దింది. పందొమ్మిదిమంది పోయారు. చదువులకూ ఉద్యోగాలకూ పట్నం పోతున్నవాళ్లు. ఆ వారం మా కాలేజీలో ఎవరం పాఠం సరిగా చెప్పలేదు. చెట్టుదా తప్పు, రోడ్డుదా, లారీదా అని పెద్దలు వాదించుకున్నారు. ఆ దారిన కారు తోలేవాడు చెట్లను చూడకూడదన్నది మాత్రం నిజం. చూడవలసింది రోడ్డు. అంటే, కారులో ఇంటాయనకు విహారం లేదన్నమాట. ఆయన మన కోసం సెలవురోజున కూడా డ్యూటీ చేస్తున్నట్టే.

ఈ రైలూ కారూ తగాదా మన ఒక్కరిదే కాదు. విశాఖపట్నానికి 2022లో విహార నౌక రావడం మొదలైంది. 2023లో రేవులో దానికని ప్రత్యేకం టెర్మినల్ కూడా తెరిచారు. నౌక ఆగిన ఒక్క పగలులో అరకు చూసి రావాలని కొందరి కోరిక. కిరండోలు రైలు పొద్దున్నే బయలుదేరి, సొరంగాలు దాటి, సుమారు నాలుగు గంటలకు అరకు చేరుస్తుంది. 2017 నుంచి దానికి అద్దాల పెట్టె కూడా తగిలించారు. ఆ కొండలు ఆ రైల్లోంచి చూడవలసిందే. కాని అది సాయంత్రం ఎప్పుడు తిరిగి వస్తుందో దాని చిత్తం. నౌక మనకోసం ఒక్క నిమిషం ఆగదు. అంచేత తెలిసినవాళ్లు ఏం చేస్తారంటే, పోయేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు కారు. పోయేటప్పుడు ఆలస్యమైతే చూడవలసింది కొంత తగ్గుతుంది, అంతే. వచ్చేటప్పుడు ఆలస్యమైతే నౌకే పోతుంది. ఆలస్యాన్ని ఎటువైపు భరించగలమో అటువైపు రైలు పెట్టుకోవాలి.

ఇంత చక్కటి సూత్రం వున్నా అది చాలని ఘట్టం ఒకటి పోయిన డిసెంబరులో మా ఇంట్లోనే వచ్చింది.

మా మేనత్తకు ఎనభై దాటాయి. కూకట్‌పల్లిలో కొడుకు దగ్గర వుంటుంది. బావ కోట్‌పల్లికి నల్లపలక కారు మాట్లాడేశాడు. అత్తయ్య మాత్రం "నేను రైల్లోనే వస్తా" అంది. బావ నాకు ఫోను చేశాడు. "చూడు మరదలా, నువ్వయినా చెప్పు. ఆ మోకాళ్లతో పెట్టె మెట్లెక్కుతుందా? వంతెన దాటుతుందా? పిల్లలు పడవెక్కాలని కూచున్నారు. రైలు కోసం కూచుంటే పొద్దు గూకుతుంది." అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆ సాయంత్రమే అత్తయ్యా ఫోను చేసింది. "వాడు నన్ను చేవెళ్ల మీదుగా తిన్నగా కొండెక్కిస్తాడటే. అప్పుడు స్టేషనే తగలదు కదా!"

స్టేషన్ తగలకపోతే ఏమిటని అడిగాను. అప్పుడు చెప్పింది, మా నాన్న కూడా నాకెన్నడూ చెప్పని సంగతి. 1953 ప్రాంతంలో మా తాతయ్యకు క్షయ. అనంతగిరి శానిటోరియంలో చేర్చారు. మంచిగాలే మందులో సగం అనుకునే రోజులు. నాయనమ్మ నెలకోసారి సికిందరాబాదులో రైలెక్కి వచ్చేది, ఎనిమిదేళ్ల అత్తయ్యను వెంటబెట్టుకుని. అంటురోగం కనక పిల్లను కొండమీదికి తీసుకుపోయేది కాదు. స్టేషన్లో ఎరిగున్న ఒక గుమాస్తా భార్యకు అప్పగించి, తాను జట్కాలో కొండెక్కేది. అత్తయ్య ప్లాట్‌ఫారం మీద బెంచీ మీద కూచుని, వచ్చేపోయే బండ్లు లెక్కపెట్టుకునేది. తాతయ్య ఏడాదికి పైగా వుండి బాగుపడి దిగి వచ్చాడు. చాలా కాలం బతికాడు. కాని ఆ కొండమీద ఆయన వున్నచోటేదో అత్తయ్య ఇంతవరకూ చూడలేదు.

"అప్పుడు ఇక్కడిదాకా వచ్చి ఆగిపోయాను. అక్కణ్ణించే ఎక్కాలని వుంది" అంది.

దీనికి అరకు సూత్రం చాలదు. బావ లెక్కలో స్టేషన్ దారిలో వచ్చే అడ్డంకి. అత్తయ్య లెక్కలో ప్రయాణం మొదలయ్యేదే అక్కడ. ఇద్దర్నీ ఒక బండిలో కూచోబెట్టడం నావల్ల కాలేదు. మనమరాలిని తోడిచ్చి అత్తయ్యను రైల్లోనూ, తక్కినవాళ్లను కారులోనూ రమ్మన్నాను. స్టేషన్ దగ్గర కలుసుకుని అంతా కారులో కొండకు పోవాలని ఏర్పాటు.

రైలు పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. కారు గంటకు పైగా ఆలస్యంగా వచ్చింది. చేవెళ్ల దగ్గర బండ్లు బారులు తీరాయట. బావ చెమటలు కక్కుకుంటూ దిగి తల్లికి క్షమాపణలు చెప్పబోయాడు. బెంచీ మీంచి లేవకుండానే అత్తయ్య, "ఈ స్టేషన్లో ఎదురుచూడ్డం నాకు కొత్తేమిట్రా?" అంది.

కొండమీద పాత ఆస్పత్రి భవనాల దగ్గర కారు ఆపాం. ఏ వార్డో ఎవరికి తెలుసు? అత్తయ్య వెతకనూ లేదు. చెట్టు నీడన కాస్సేపు నిలబడి, "గాలి బాగానే వుందే" అని మాత్రం అంది. కారే లేకపోతే ఆ మోకాళ్లతో అక్కడిదాకా రాగలిగేది కాదు. రైలే లేకపోతే రావాలన్న కోరికకు అర్థమే వుండేది కాదు. పద్మనాభస్వామి దర్శనమై కోట్‌పల్లి చేరేసరికి మూడు దాటింది. పిల్లలకు పడవ అరగంటే దక్కింది. గొణిగారు. గొణగనివ్వండి, వాళ్లకు మళ్లీ రావడానికి కాలుంది, కాలం వుంది.

ఇంతకీ నా సలహా. నడిచే ఓపికున్న ఇద్దరు ముగ్గురు వచ్చేటట్టయితే రైల్లో రండి, వికారాబాదులో ఆటోనో టాక్సీనో పూటకు మాట్లాడుకోండి. బేరం ఎక్కకముందే తేల్చుకోండి, తిరుగు రైలు వేళ ముందే కాగితం మీద రాసుకోండి. చంటిపిల్లలూ సామానూ వుంటే కారే మేలు. అయితే తెల్లవారాక బయలుదేరి, చీకటి పడకముందే చేవెళ్ల దాటెయ్యండి. తోలేవాళ్లు ఇద్దరుంటే వంతులు వేసుకోండి, ఒక్కరికే శిక్ష వెయ్యకండి. పెద్దవాళ్లను వెంటబెట్టుకు వచ్చేటట్టయితే మాత్రం రైలా కారా అన్నది నన్నడగకండి. వాళ్లనే అడగండి. ఎందుకని కూడా అడగండి.

మా అనంతగిరిలో పుట్టిన మూసీ తూర్పుగా పట్నం మీదుగా పోయి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఇక్కడి నీళ్లే మోసుకుపోయే కాగ్నా పడమరగా పోయి, భీమలో కలిసి, ఆ భీమతో కృష్ణనే చేరుతుంది. ఏ దారి మంచిదని ఆ రెండింటినీ ఎవరూ అడగలేదు. మనకు మాత్రం ఆదివారం ఒక్కటే వుంటుంది కనక అడగక తప్పదు.