చెమ్మ గోడ బాధ్యత ఎవరిది?

గోదావరి వరద తీసిన మరునాడు వార్తలు ఆగిపోతాయి. గోడల్లో చెమ్మ ఆగదు. 2022 జూలైలో ధవళేశ్వరం వద్ద ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు కోనసీమ లంకల్లో మునిగిన ఇళ్లను లోకమంతా చూసింది. ఏటా వానాకాలంలో రాజమహేంద్రవరం, అమలాపురం, భీమవరం అద్దె ఇళ్లలో స్లాబు కారడం, గోడల మూలలు నల్లగా బూజు పట్టడం మాత్రం ఎవరి కంటా పడదు. కాలువల నడుమ, భూగర్భజలం పైపైనే ఉండే నేల మనది. చెమ్మ పునాది నుంచే గోడకెక్కుతుంది.

ఇది మాకూ అనుభవమే. రాజమహేంద్రవరంలో మేమున్న ఒక అద్దె ఇంట్లో రెండు వానాకాలాలు పడకగది గోడ తడిగానే ఉంది. పిల్లవాడి దగ్గు తగ్గలేదు. అయినా యజమానికి చెప్పలేదు. కారణం మన పాఠకులకు వివరించనక్కరలేదు. ఆ ఇల్లు దొరకకముందు, మా పేరు వినగానే వేరేవారికి మాటిచ్చేశామన్న గడపలు ఎన్నో ఎక్కి దిగాం. ఉన్న నీడ పోతుందన్న భయంతో ఊరకున్నాం. ఖాళీ చేసే రోజున, గోడ మేమే పాడు చేశామంటూ అడ్వాన్సులో సగం మినహాయించుకున్నారు. చేరేనాటికే ఆ మరక ఉందని చూపడానికి మా వద్ద ఒక్క కాగితమూ లేదు.

చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో శ్వాసకోశ వ్యాధుల, ఉబ్బసం ముప్పు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే హెచ్చరించింది. కనుక ఇది గోడ అందానికి సంబంధించిన తగవు కాదు.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరే షరతు లేకపోతే, అద్దెదారు ఇంటిని చేరిననాటి స్థితిలోనే అప్పగించాలి. అయితే సహజమైన అరుగుదలకూ, మానవశక్తికి మించిన ఉపద్రవం వల్ల కలిగిన మార్పులకూ అతడు బాధ్యుడు కాడు. యజమాని తాను చేయవలసిన మరమ్మతును నోటీసు అందాక కూడా తగిన గడువులో చేయకపోతే, అద్దెదారే చేయించి ఖర్చును వడ్డీతో అద్దెలో మినహాయించుకోవచ్చు. మెలిక ఇక్కడే ఉంది: యజమాని ఏయే మరమ్మతులు చేయాలో ఆ సెక్షను విడమరచి చెప్పదు. అది ఒప్పందంలో ఉండాలి. మన పదకొండు నెలల పత్రాల్లో తరచుగా ఉండనిది అదే.

ఏం రాయాలో 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం దారి చూపుతుంది. రాష్ట్రం స్వీకరిస్తే తప్ప దానికి చట్టబలం లేదు. కానీ అందులోని పనుల విభజన న్యాయమైనది. కట్టడపు మరమ్మతులు, గోడల సున్నం, పైపుల మార్పు యజమానివి. కుళాయిలు, మురుగు తూముల శుభ్రత అద్దెదారువి. మన వంతు కూడా మనం చేయాలి. కిటికీలు మూసి గదిలోనే బట్టలారేయడం, కారుతున్న కుళాయిని నెలల తరబడి వదిలేయడం మన తప్పే.

మనలోనూ ఇళ్ల యజమానులున్నారు. కిరాయిదారు అమానతుదారు వంటివాడు. అతడి నిర్లక్ష్యం లేకుండా జరిగిన నష్టాన్ని అతడిపై మోపకూడదనీ, ఇంటిని నివాసయోగ్యంగా ఉంచడం యజమాని బాధ్యతనీ ఇజారా నియమాలు చెబుతాయి. తడి గోడపై రంగు పూసి కొత్త కుటుంబానికి అప్పగించేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. మరో వానకు ఆ రంగు పెచ్చులూడుతుంది.

ఇల్లు చేరే రోజునే ప్రతి గోడకూ ఫొటో తీసి యజమానికి పంపుదాం. మరమ్మతుల షరతును ఒప్పందంలో రాయిద్దాం. నీరు కారిన రోజునే తేదీతో రాతపూర్వకంగా, మర్యాదగా తెలుపుదాం. వినకపోతే కోర్టు ప్రాంగణంలోని న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయిద్దాం. అక్కడ మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత సహాయం ఉంది. ఇక మసీదు కమిటీలూ మన సంఘాలూ ఇల్లు వెతికే కుటుంబాలకు తోడు నిలవాలి. వేరే ఇల్లు దొరుకుతుందన్న ధైర్యం ఉన్నవాడే ఉన్న ఇంటి గోడ గురించి నోరు విప్పగలడు.