జీతముల లెక్క యెవరి చేతిలో నుండవలెను?



జహీరాబాదులో నొక సోదరి జొన్నరొట్టెలు, కొఱ్ఱలతో పిండివంటలు చేయించి యమ్ముచున్నది. ఆమెయొద్ద పండ్రెండుగురు పనిచేయుచున్నారు. వారిలో తొమ్మండ్రు స్త్రీలు. “జీతముల లెక్కకు సాఫ్ట్‌వేరు కొనుమని కొందఱు, పుస్తకమే చాలునని కొందఱు చెప్పుచున్నారు. నేనేమి చేయుదును?” అని యామె మమ్మడిగినది. ఇంటి వరండాలో పని ప్రారంభించిన సోదరీమణులు పలువురకు నీ సందేహము గలదు. కావున నీ నెల దీనినే విచారింతము.

వస్తువును కొనుటకు ముందు దానితో మనకు గల పని యెట్టిదో తెలియవలెను. పదిమంది పనివారున్నచోట ఈ.యస్.ఐ. చందా కట్టవలెను, ఇరువదిమంది యున్నచో భవిష్యనిధి కూడ తప్పదు. నెలకు 12,000 రూపాయల జీతము గల స్త్రీ విషయమున, ఈ.యస్.ఐ.కి ఆమె జీతమునుండి నూటికి 0.75 వంతున 90 రూపాయలు తీసి, యజమానురాలు నూటికి 3.25 వంతున 390 రూపాయలు చేర్చి, మొత్తము 480 రూపాయలు మఱుసటి నెల 15వ తేదీలోపల కట్టవలెను. భవిష్యనిధి యున్నచో నిరువురును నూటికి 12 వంతున 1,440 రూపాయల చొప్పున కట్టుదురు.

ఇది వట్టి యంకెల గొడవ యని తలపరాదు. ఈ.యస్.ఐ. గల స్త్రీకి ప్రసవసమయమున 26 వారముల భృతి లభించును. కాని దానికి ముందటి రెండు చందాకాలములలో 70 దినములకైనను చందా చేరియుండవలెను. జీతములో సొమ్ము తగ్గించియు కార్యాలయమునకు కట్టనిచో, నష్టము తెలియవచ్చునది ఆమె ఆసుపత్రి గుమ్మమున నిలుచుండిన నాడే.

మన జహీరాబాదు కన్నడదేశపు సరిహద్దున నున్నది. ఇచట తెలుగు, ఉర్దూ, కన్నడము మూడును వినవచ్చును. ఒక్క స్త్రీ పేరే ఆధారు పత్రములో నొకతీరుగను, బ్యాంకు పుస్తకములో మఱియొకతీరుగను వ్రాయబడుట యరుదు కాదు. ఆ భేదమును ముందే పట్టి చూపని సాఫ్ట్‌వేరు ఎంత సొగసుగా నున్నను మనకు కొఱగాదు.

అమ్మువానిని ఈ క్రింది సంగతులు తప్పక యడుగవలెను:

మొదటిది, 2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు అమలులోనికి వచ్చినవి. వాని ప్రకారము భత్యములు మొత్తములో సగమునకు మించినచో, మించిన భాగమును గూడ జీతముగానే లెక్కింపవలెను. ఈ మార్పు దానిలో చేరినదా?

రెండవది, పనివారికిచ్చు జీతపుచీటీ తెలుగులో వచ్చునా? చదువుకొనలేని చీటీ యిచ్చినను ఇయ్యకున్నను నొక్కటియే.

మూడవది, ధర మనిషికింతయని నెలనెలయు పెరుగునా? బేరము మానుకొన్ననాడు మన లెక్కలన్నియు మన కప్పగింతురా? మాకు తెలిసిన యొక యింట అట్లప్పగింపనందున రెండేండ్ల లెక్క మరల చేతితో వ్రాసికొనవలసి వచ్చినది.

నాలుగవది, పనివారి ఆధారు, బ్యాంకు సంఖ్యలు ఎవరెవరి కంటబడును?

మా యభిప్రాయమిది. పదిమందికి లోపలయైనచో చక్కగా గీతలు గీచిన పుస్తకమో, కంప్యూటరు పట్టికయో చాలును. పండ్రెండుగురున్న యీ సోదరి చిన్న సాఫ్ట్‌వేరు తీసికొనవచ్చును. కాని మొదటి రెండు నెలలు పుస్తకమును కూడ వ్రాయవలెను. రెండు లెక్కలును పైసతో సరిపోయిన పిమ్మటనే యేడాది సొమ్ము చెల్లింపవలెను. చందా కట్టిన రసీదును నెలనెలయు పనివారికి చూపవలెను.

యంత్రమన్న వెనుదీయ నక్కఱలేదు. జహీరాబాదు ప్రాంతమున 1983లో నారంభమైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘముల స్త్రీలు విత్తనములను కాపాడిరి. 2008లో రేడియో కేంద్రమునే నడుప నారంభించిరి. అట్టి సీమయందు జీతముల లెక్క యొక బ్రహ్మవిద్యయా? అయినను ఒక్క జీతపుచీటీనైనను స్వహస్తముతో లెక్కగట్ట నేర్చుకొనుడు. అది వచ్చినవారిని యంత్రమును మోసగింపలేదు, దాని నమ్మువాడును మోసగింపలేడు.