ఉరకామి బలిపశువు కాదు

1945 ఆగస్టు 9 ఉదయం 11 గంటల 2 నిమిషాలకు నాగసాకి నగరంలోని ఉరకామి లోయమీద అమెరికా అణుబాంబు పేలింది. అక్కడి కథోలిక్కుల మహాదేవాలయం పేలుడు కేంద్రానికి దాదాపు 500 మీటర్ల దూరంలో ఉంది. ఆ ప్రాంతపు 12,000 మంది కథోలిక్కులలో సుమారు 8,500 మంది చనిపోయారు. నవంబరు 23న ఆ శిథిలాల దగ్గర జరిగిన ప్రార్థనసభలో డాక్టర్ నగయి తకషి ఒక ప్రసంగం చేశాడు. బాంబు అసలు కొకురాకు ఉద్దేశించినది. అక్కడ లక్ష్యం కనపడక విమానం నాగసాకికి మళ్ళింది. ఇక్కడా గురి తప్పి ఉరకామిమీద పడింది. కాబట్టి ఇది దైవసంకల్పం. యుద్ధ పాపానికి ప్రాయశ్చిత్తంగా భగవంతుడు ఉరకామిని మచ్చలేని గొర్రెపిల్లగా ఎన్నుకున్నాడు. అందుకు మనం కృతజ్ఞత చెప్పాలి. ఇదీ ఆయన వాదన. దీనికే దహనబలి సిద్ధాంతమని పేరు వచ్చింది. ఈ సిద్ధాంతం అసత్యమనీ, అంతకుమించి నేరస్థులకు రక్షాకవచమనీ నా వాదన.

నగయి వ్యక్తిత్వంమీద నాకు తగవు లేదు. ఆయన ఎక్స్‌రే వైద్యుడు. బాంబుకు ముందే రక్తకాన్సరు సోకినవాడు. తాను గాయపడి కూడా క్షతగాత్రులకు చికిత్స చేశాడు; ఇంటి బూడిదలో భార్య ఎముకలు ఏరుకున్నాడు; 1951లో మరణించాడు. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులకు ఊరట కావాలనీ, ఆయన ఇచ్చింది అదేననీ కొందరంటారు. ఒప్పుకుందాం. కాని దుఃఖంలో పలికిన ఓదార్పు వేరు, దాన్ని చరిత్రకు భాష్యంగా నిలబెట్టటం వేరు.

ఆ భాష్యాన్ని పరీక్షిద్దాం. కొకురాను ఎంచుకున్నది ఆయుధాగారం కోసం; నాగసాకిని ఎంచుకున్నది ఓడరేవూ, మిత్సుబిషి కర్మాగారాలూ ఉన్నందుకు. బాంబు పేలింది కూడా మిత్సుబిషి ఉక్కు, ఆయుధ కర్మాగారాల నడుమనే. ఇందులో ప్రతి నిర్ణయం వెనుకా మనుషులున్నారు. పోనీ, ఉరకామి క్రైస్తవులు పవిత్రబలి అయితే మిగతా మృతులేమిటి? ఆ సంవత్సరాంతానికి నాగసాకిలో సుమారు 74,000 మంది మరణించారని అంచనా. అందులో బౌద్ధులున్నారు, బలవంతాన తెచ్చిన కొరియా కూలీలున్నారు. వాళ్ళది బలి కాదా, ఉత్త చావా? 1934లో బీహారు భూకంపం అస్పృశ్యతా పాపానికి దైవశిక్ష అని గాంధీ అన్నప్పుడు ఠాగూరు బహిరంగంగా ఖండించాడు. ప్రకృతి ఉపద్రవానికే ఆ మాట చెల్లకపోతే, మనుషులు గురిచూసి వేసిన బాంబుకు ఎలా చెల్లుతుంది?

ఈ వాదన ఎవరికి ఉపకరించింది? బాంబు వేసింది దేవుడైతే అమెరికాకు బాధ్యత లేదు. యుద్ధం మానవజాతి ఉమ్మడి పాపమైతే చక్రవర్తికీ, సేనాపతులకూ బాధ్యత లేదు. ఈ రెండంచుల విముక్తిని నాగసాకి తత్త్వవేత్త తకహషి షింజి స్పష్టంగా ఎత్తిచూపాడు. నగయి రాసిన 'నాగసాకి గంటలు' 1949లో వెలువడింది. మనీలాలో జపాను సైన్యం చేసిన అత్యాచారాల వృత్తాంతాన్ని అనుబంధంగా చేర్చితేగాని అమెరికన్ ఆక్రమణ పాలకులు ముద్రణకు అనుమతించలేదు. ఆ అత్యాచారాలు నిజమే. కాని వాటిని అక్కడ చేర్చిన ఉద్దేశం చెల్లుకు చెల్లు అనిపించటం. అదే సంవత్సరం చక్రవర్తి స్వయంగా వెళ్ళి నగయిని పరామర్శించాడు. పాలకులు ఎవరిని ఎందుకు గౌరవిస్తారో పాఠకులకు వేరే చెప్పాలా?

అన్నిటికన్నా పెద్ద అన్యాయం ఉరకామి ప్రజల సొంత చరిత్రకు జరిగింది. 1549లో జేవియర్ కగోషిమాలో దిగిన తర్వాత క్యూషూ ప్రభువులు కొందరు పోర్చుగీసు వ్యాపారం కోసం మతం పుచ్చుకున్నారు. ఒమురా ప్రభువు ఆలయాలు కూలగొట్టించాడు; 1580లో నాగసాకినే జెసూట్‌లకు ధారపోశాడు. ఆ మిషనరీ చరిత్రను నేను సమర్థించటం లేదు. కాని 1614 నిషేధంతో ప్రభువులు మతం వదిలినా పేదలు వదలలేదు. 1637లో షిమబరా, అమకుసా రైతులు పన్నుల హింస భరించలేక శిలువ గుర్తు జెండాలతో తిరగబడ్డారు. హరా కోటలో చనిపోయినవాళ్ళు 37,000 మంది దాకా ఉంటారని లెక్క. ఆ కోటమీద షోగన్ పక్షాన ఫిరంగులు పేల్చింది డచ్చి క్రైస్తవ వర్తకులే! వ్యాపారలాభం ముందు శిలువ ఏపాటి?

ఆ తర్వాత ఉరకామి రైతులు గురువులు లేకుండా రెండు శతాబ్దాలకు పైగా రహస్యంగా విశ్వాసం నిలుపుకున్నారు. 1865లో ఒవురా చర్చికి వెళ్ళి తామెవరో ఫ్రెంచి గురువు పెతీజాఁకు చెప్పారు. 1867లో తమ శవసంస్కారాలు బౌద్ధ ఆలయం చేతిలో పెట్టమని బాహాటంగా నిరాకరించారు. ఆధునికమని చెప్పుకొన్న మెయిజీ ప్రభుత్వం సుమారు 3,400 మందిని దేశంలోపలే ప్రవాసాలకు పంపింది. 600 మందికి పైగా చనిపోయారు. 1873లో నిషేధం తొలగింది. ఇలాంటి మనుషులనా నోరులేని గొర్రెపిల్లతో పోల్చటం? వాళ్ళ వారసత్వం లొంగుబాటు కాదు, నిరాకరణ.

ఆ వారసత్వం చచ్చిపోలేదు. రహస్య క్రైస్తవుల సంతతివాడైన నాగసాకి మేయర్ మొతోషిమా హితోషి 1988లో చక్రవర్తికి యుద్ధబాధ్యత ఉందని నగరసభలోనే చెప్పాడు. 1990లో మితవాది ఒకడు ఆయనను తుపాకితో కాల్చాడు, ప్రాణం దక్కింది. అంతకుముందు 1981లో పోప్ జాన్‌పాల్ సైతం హిరోషిమాలో యుద్ధం మనిషి చేసే పనేనని ప్రకటించాడు.

మనదేశంలో కర్మసిద్ధాంతం చేసే పనినే అక్కడ దహనబలి సిద్ధాంతం చేసింది. మృతులకు మనం బాకీ ఉన్నది కృతజ్ఞతాస్తుతి కాదు. వాళ్ళను చంపిందెవరో, ఆ చావులదాకా యుద్ధాన్ని సాగదీసిందెవరో పేరుపెట్టి చెప్పటం.