పని ‘అయిపోయింది’ సరే, చేసిందెవరు?

మన ఇళ్ళల్లో పనులు చాలావరకు వాటంతటవే అయిపోతుంటాయి. వంటయిపోయింది. పిల్లల స్నానాలయ్యాయి. బట్టల మడతలు కూడా అయ్యాయి. ఫోన్లో అమ్మ “పనయ్యిందా?” అంటే “ఆఁ, ఇప్పుడే అయింది” అంటాం. చేసింది మనమేనని ఆవిడకీ తెలుసు, మనకీ తెలుసు, కాబట్టి ఆ మాట అనాల్సిన పని లేదు. అసలు తెలుగులో “నేను” అనకుండా రోజంతా గడిపేయొచ్చు. “చేశాను” అంటే చాలు. అది కూడా మరీ ముందుకొచ్చి నిలబడ్డట్టు అనిపిస్తే “చేశాం” అనేసి నలుగురిలో కలిసిపోతాం.

ఇంతవరకూ హాయిగానే ఉంది. ఈ అలవాటుని వెంటబెట్టుకుని ఇంగ్లీషులో ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడే వస్తుంది చిక్కంతా. “ఆ ప్రాజెక్టులో నువ్వేం చేశావు?” అని అవతలివాళ్ళు అడుగుతారు. “వియ్ మైగ్రేటెడ్ ద డేటా”, “రిపోర్ట్స్ వర్ డన్ ఆన్ టైమ్” అని మనం చెప్తాం. వ్యాకరణం ఎక్కడా తప్పలేదు. చేసిన మనిషి మాత్రం ఎక్కడా కనపడదు.

ఇంటర్వ్యూలు ఇచ్చే వైపే కాదు, తీసుకునే వైపు కూడా ఇక్కడ కొన్నేళ్ళుగా కూర్చుంటున్నాను. బల్లకి అవతల ఏం జరుగుతుందో కొంచెం చెప్తాను, ఎందుకంటే మనవాళ్ళలో చాలామంది ఇంటర్వ్యూ అంటే కాలేజీలో వైవా అనుకుంటారు. ఎక్స్‌టర్నల్ వచ్చి ప్రశ్నలు వేస్తాడు, తెలిసినవి చెప్తే మార్కులు పడతాయి అని. అలా కాదు. అక్కడ ఒక కుర్చీ ఖాళీగా ఉంది, ఆ పని రోజురోజుకీ పేరుకుపోతోంది, దాన్ని ఎవరు దించగలరా అని ఆ టీమ్ చూస్తోంది. నలుగురైదుగురు విడివిడిగా మీతో మాట్లాడతారు, నోట్సు రాసుకుంటారు. ఆ తర్వాత మీరు లేకుండా అందరూ కూర్చుని మీ గురించి మాట్లాడుకుంటారు. అసలు నిర్ణయం జరిగేది అక్కడ. మీరు నచ్చినవాళ్ళు ఎవరో ఒకరు “తీసుకుందాం, ఎందుకంటే...” అని మొదలుపెట్టాలి. ఆ “ఎందుకంటే” తర్వాత వచ్చే మాటలు మీరు ఇచ్చి వెళ్ళినవే అయ్యుండాలి. ఇవ్వకపోతే ఆ మనిషి దగ్గర ఏమీ ఉండదు. “బాగా మాట్లాడింది, తెలివైన అమ్మాయిలాగే ఉంది, కానీ అందులో తన వంతు ఏమిటో నాకు తెలియలేదు” అన్న వాక్యం నేను చాలాసార్లు విన్నాను. ఆ మాట పడ్డాక ఇంక ఆ పేరు ముందుకి కదలడం కష్టం.

అందుకే ఇంటర్వ్యూలో మన గురించి మనం చెప్పుకోవడాన్ని నేను పొగడ్త కింద లెక్కేయను. మన తరఫున మాట్లాడబోయే మనిషి చేతికి సామాను అందించడం అది.

అయినా మనకి నోరు రాదు. “సొంత డబ్బా కొట్టుకోకు” అని చిన్నప్పటి నుంచీ విని పెరిగాం కదా. నిజానికి ఆ మాటలో తప్పేమీ లేదు, ఏది డబ్బానో మనకి సరిగ్గా తెలియకపోవడమే ఇబ్బంది. “నేను ఆవకాయ చాలా బాగా పెడతాను” అనడం డబ్బా. “పోయినేడు ఇరవై కిలోల కాయ పెట్టాను, సంక్రాంతి దాటాక తీసిన జాడీలో కూడా బూజు లేదు” అంటే అది డబ్బా కాదు, సమాచారం. వినేవాళ్ళు కావాలంటే కాయ ఎక్కడ దొరికింది, ఉప్పెంత వేశావు అని అడుగుతారు, మనం చెప్పగలం. ఇంటర్వ్యూల్లో మనవాళ్ళు చేసే విచిత్రం ఏమిటంటే, డబ్బా కొట్టకూడదు అనుకుంటూనే “ఐ యామ్ ఎ హార్డ్ వర్కర్, క్విక్ లర్నర్, టీమ్ ప్లేయర్” అని డబ్బా ఒక్కటే వాయిస్తారు. కాయల లెక్క మాత్రం చెప్పరు.

ఈ మధ్య మాకు తెలిసిన ఒకమ్మాయి అకౌంట్స్ పేయబుల్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉందని నాతో మాట్లాడింది. హైదరాబాదులో ఒక మందుల పంపిణీ కంపెనీలో నాలుగేళ్ళు చేసింది. పెళ్ళయి ఇక్కడికి వచ్చాక ఏడేళ్ళ ఖాళీ.

“నేను పెద్దగా ఏం చేయలేదక్కా, సప్లయర్ల బిల్లులు చూసేవాళ్ళం, అంతే” అంది.

“చూడటమంటే?”

“బిల్లు, పర్చేజ్ ఆర్డరు, సరుకు అందినట్టు గోడౌన్ వాళ్ళిచ్చే రసీదు, మూడూ సరిపోయాయో లేదో చూసి పేమెంటుకి పంపేవాళ్ళం.”

“తేడాలొచ్చేవా?”

“రోజూ వచ్చేవి. ఒకసారైతే ఒకే బిల్లుకి రెండుసార్లు డబ్బు వెళ్ళిపోయింది.”

“ఎవరు పట్టుకున్నారు?”

కాసేపు మాట్లాడలేదు. “నేనే. ఏదో, ఊరికే ఎక్సెల్‌లో చూస్తుంటే కనపడింది.”

కనపడిందట! గట్టిగా అడిగితే మెల్లగా బయటికొచ్చింది. సప్లయరు బిల్లు నంబరు ఒకరు “ఎస్‌ఆర్/0452” అని కొట్టారు. అదే బిల్లు మెయిల్లో మళ్ళీ వస్తే ఇంకొకరు “ఎస్‌ఆర్-452” అని కొట్టారు. సిస్టమ్‌కి అవి రెండు వేరువేరు బిల్లులు, కాబట్టి రెండింటికీ డబ్బు కట్టేసింది. ఈ అమ్మాయి ఏడాది బిల్లులన్నీ ఎక్సెల్‌లోకి దించింది. నంబర్లలోంచి గీతలు, చుక్కలు, ముందున్న సున్నాలు తీసేసింది. సప్లయరు పేరు, మొత్తం, తారీఖు పక్కపక్కన పెట్టి వెతికింది. 11 బిల్లులకి రెండోసారి డబ్బు వెళ్ళినట్టు తేలింది. మేనేజరు సప్లయర్లతో మాట్లాడి 9 బిల్లుల డబ్బు వెనక్కి రప్పించారు. ఇక ముందు బిల్లు నంబరు ఎలా కొట్టాలో ఒక పేజీ నియమాలు రాసి అందరి బల్లల మీదా అంటించింది కూడా ఈ అమ్మాయే.

దీన్ని “ఏం చేయలేదు” అంటోంది! అకౌంట్స్ పేయబుల్‌లో ఉన్న ఏ మేనేజరుకైనా రెండుసార్లు పేమెంటు వెళ్ళిపోవడం రాత్రి నిద్ర పట్టనివ్వని విషయం. అమెరికా అయినా అమీర్‌పేట అయినా గీతకీ సున్నాకీ తేడా ఒకటే.

మేమిద్దరం కూర్చుని దాన్ని ఇంగ్లీషులో చెప్పుకునేలా సర్దాం. రెండు నిమిషాలకు మించలేదు. అందులో “వియ్” పూర్తిగా తీసేయలేదు. టీమ్‌లో ఆరుగురం, డబ్బు వెనక్కి తెప్పించింది మా మేనేజరు, కనిపెట్టింది నేను, నియమాలు రాసింది నేను. ఎవరి వంతు వాళ్ళకి. ఈ లెక్క నిక్కచ్చిగా ఉండాలని నా పట్టుదల. అంతా నేనే చేశానని చెప్పేవాళ్ళు ఉంటారు, అవతలివాళ్ళు వేసే రెండో ప్రశ్నకే దొరికిపోతారు. మన బెడద దానికి తలకిందులు. మన వంతు కూడా పక్కవాళ్ళ ఖాతాలో వేసేసి వస్తాం.

ఇంకో మాట కూడా తీసేశాం. “ఏదో”, “ఊరికే”, “అంతే” అనేవి ఇంగ్లీషులోకి వచ్చేసరికి “జస్ట్”, “ఓన్లీ”, “బేసికల్లీ” అవుతాయి. “ఐ జస్ట్ హెల్ప్డ్ విత్ రిపోర్టింగ్.” ఆ “జస్ట్” విన్నవాడు మన మాటే నమ్ముతాడు పాపం. వినయం అనుకోడు, చిన్న పనే కాబోలు అనుకుంటాడు. మీ ఫోన్లో రికార్డు పెట్టుకుని ఒక జవాబు చెప్పి వినండి. “జస్ట్” ఎన్నిసార్లొచ్చిందో మీకే ఆశ్చర్యం వేస్తుంది.

ఇక్కడ “స్టార్” అని ఒక పద్ధతి అందరూ చెప్తుంటారు. సిట్యుయేషన్, టాస్క్, యాక్షన్, రిజల్ట్. మంచి పద్ధతే. కాకపోతే మనవాళ్ళు సిట్యుయేషన్ దగ్గర బండి ఆపేస్తారు. కంపెనీ ఏమిటి, క్లయింటు ఎవరు, టీమ్ ఎన్ని ఊళ్ళలో ఉండేది, అప్పుడున్న పాత సాఫ్ట్‌వేర్ ఎలాంటిది, ఇదంతా అయ్యేసరికి వినేవాడు గడియారం చూస్తుంటాడు. అప్పుడు గబగబా “ఫైనల్లీ వియ్ కంప్లీటెడ్ ఇట్” అని ముగిస్తాం. కథాకాలక్షేపంలో హరిదాసు పిట్టకథలు చెప్తూ అసలు కథ మర్చిపోయినట్టు. పరిస్థితి రెండు వాక్యాల్లో చెప్పేసి, మీరు చేసినదాని దగ్గర నిలబడండి.

ఇక ఆ ఏడేళ్ళ ఖాళీ. హెచ్‌4 మీద వచ్చినవాళ్ళకి ఇది అందరికంటే పెద్ద బెంగ. కొంచెం వెనక్కి చూసుకుందాం. 2015 మే 26 వరకు హెచ్‌4 భార్యలకి ఉద్యోగం చేసుకునే అనుమతే లేదు. ఆ తర్వాత కూడా అందరికీ రాలేదు. భర్త ఐ-140 ఆమోదం పొందినవాళ్ళకి, లేదా గ్రీన్‌కార్డు దారిలో ఉండి ఆరేళ్ళు దాటి హెచ్‌1 పొడిగింపు దొరికినవాళ్ళకి మాత్రమే. అంటే చాలామందికి ఆ ఖాళీ చట్టం పెట్టిన ఖాళీ. దానికి తలవంచుకుని సంజాయిషీ ఇవ్వాల్సిన పనేముంది? “ఇన్నాళ్ళు నా వీసాకి పని అనుమతి లేదు, ఇప్పుడు ఉంది, ఈ ఉద్యోగానికి పనికొచ్చే ఫలానా పని ఈ మధ్య చేశాను” అని ఒకే ఊపిరిలో చెప్పేసి ముందుకెళ్ళాలి.

ఆ “ఫలానా పని” విషయంలో నాదొక అభిప్రాయం. “ఇల్లు నడపడం కూడా ప్రాజెక్టు మేనేజ్‌మెంటే” అన్న మాట ఇంటర్వ్యూలో వాడకండి. అది నిజం కాదని కాదు, నూటికి నూరుపాళ్ళు నిజం. కానీ అవతలివాళ్ళకి దాన్ని కొలిచే సాధనం లేదు, నవ్వి ఊరుకుంటారు. అదే మనబడిలోనో, మీ ఊరి తెలుగు సంఘంలోనో చేసిన పని ఉందనుకోండి, అది వేరు. పైన చెప్పిన అమ్మాయి ఆదివారం తెలుగు తరగతులకి రెండేళ్ళు ఫీజుల లెక్కలు చూసింది. ఎవరు కట్టారు, ఎవరు చెక్కిచ్చారు, బ్యాంకులో పడ్డదెంత, తేడా ఎక్కడ? ఇంతకంటే అకౌంట్స్ పని ఏముంటుంది! రెజ్యూమేలో ఆ ముక్కే లేదు. “అది సేవ కదక్కా, ఉద్యోగం కాదుగా” అంది. జీతం లేదు నిజమే, లెక్క తప్పితే నలుగురూ అడిగేవారా లేదా?

“మీ గురించి చెప్పండి” అన్నప్పుడు పెళ్ళిచూపుల్లోలాగా భర్త ఉద్యోగం, పిల్లల వయసులు చెప్పే అలవాటు కూడా మనకుంది. 1964 పౌరహక్కుల చట్టం ప్రకారం ఉద్యోగాల్లో ఆడా మగా తేడా చూపించడం చట్టవిరుద్ధం కాబట్టి, జాగ్రత్తగల కంపెనీలు ఇవి అడగవు. మనమే చెప్తే అవతలి మనిషి ఇబ్బందిగా కుర్చీలో కదులుతారు. “మీకు ఇక్కడ పనిచేసే అనుమతి ఉందా?” అని మాత్రం అడగొచ్చు. దానికి అవును, కాదు అన్నంత సూటిగా చెప్పండి.

జీతం దగ్గరికొచ్చేసరికి మళ్ళీ “మీరెంతిస్తే అంత” అంటాం. ఇంటికొచ్చిన బంధువుతో అనాల్సిన మాట అది. పాత జీతం అడిగితే రూపాయల్లో ఉన్నది డాలర్లలోకి మార్చి చెప్పినవాళ్ళు కూడా నాకు తెలుసు. ఆ లెక్కకి ఇక్కడ అర్థమే లేదు. కాలిఫోర్నియాలో 2018 నుంచి, న్యూయార్క్ రాష్ట్రంలో 2020 నుంచి పాత జీతం అడగడమే నిషేధం. కాలిఫోర్నియాలోనూ, వాషింగ్టన్ రాష్ట్రంలోనూ 15 మంది గానీ అంతకంటే ఎక్కువమంది గానీ ఉన్న కంపెనీలు 2023 నుంచి ఉద్యోగ ప్రకటనలోనే జీతం ఎంత నుంచి ఎంత వరకో వేయాలి. మనవాళ్ళు ఎక్కువగా ఉన్న టెక్సస్‌లో రాష్ట్రమంతటికీ ఇలాంటి చట్టం లేదు. అక్కడివాళ్ళు అలాంటి ఉద్యోగానికే ఇతర రాష్ట్రాల ప్రకటనల్లో ఏం వేశారో చూసుకుని, ఊరి ఖర్చుని బట్టి సర్దుకుని ఒక అంకె అనుకుని వెళ్ళాలి. ఆ అంకె చెప్పాక ఆగిపోవాలి. “కానీ తగ్గినా పర్వాలేదు” అని మనమే బేరం మొదలెట్టకూడదు. కూరగాయల బండి దగ్గర ఇంతకంటే గట్టిగా ఉంటాం కదా!

చివర్లో “మీరేమైనా అడుగుతారా?” అంటారు. “నథింగ్, థాంక్యూ” అని లేచి రాకండి. అసలు ఆ చివరిదాకా ఆగకుండా, సందు దొరికితే మొదట్లోనే ఒకటి అడగండి: ఈ కుర్చీలో కూర్చునే మనిషి మొదటి మూడు నెలల్లో ఏ పని దించితే మీకు ఊపిరాడుతుంది? దాదాపు అందరూ ఈ ప్రశ్నకి ఇష్టంగా జవాబు చెప్తారు, తమ బాధ చెప్పుకునే అవకాశం కదా. ఆ జవాబు విన్నాక మీ దగ్గరున్న నాలుగైదు కథల్లో ఏది బయటికి తీయాలో మీకే తెలిసిపోతుంది. మా అమ్మాయి కూడా ఇదే అడిగింది. “పాత సాఫ్ట్‌వేర్ నుంచి కొత్తదానికి మారుతున్నాం, సప్లయర్ల పేర్లు, నంబర్లు అన్నీ కలగాపులగం అయిపోయాయి” అన్నాడట ఆ మేనేజరు. ఆ తర్వాత ఇరవై నిమిషాలు గీతలు, సున్నాల గురించే మాట్లాడుకున్నారట.

వచ్చే నెల ఆఫర్ లెటర్ గురించి రాస్తాను. దాన్ని సంతకం పెట్టే చోటు వరకే చదివి ఆపేసేవాళ్ళు మనలో బోలెడుమంది.