పెద్దలతో ఎడారి లోయల యాత్ర: జూలై వద్దు, అక్టోబరు మేలు

ఏటా వేసవి మొదలయ్యే వేళకు మా బయ్యారం నుంచి, ఇల్లెందు, మహబూబాబాద్ పరిసరాల నుంచి ఎందరో తల్లిదండ్రులు అమెరికాలో ఉన్న కొడుకుల దగ్గరకు, కూతుళ్ళ దగ్గరకు వెళ్తుంటారు. ఆరు నెలలకు సరిపడా మందుల విషయమై వారిలో కొందరు నన్ను సంప్రదిస్తారు. అక్కడ చూడబోయే ప్రదేశాల ప్రస్తావన వచ్చినపుడు నయాగరా తరువాత తప్పక వినిపించే పేరు గ్రాండ్ కాన్యన్. పిల్లలు వేసే ప్రణాళిక కూడా ఇంచుమించు ఒకే తీరున ఉంటుంది. లాస్ వేగస్ వరకు విమానం, అక్కడి నుంచి అద్దె కారు, నాలుగు రోజులలో గ్రాండ్ కాన్యన్, పేజ్ పట్టణం వద్ద హార్స్‌షూ బెండ్, యాంటిలోప్ కాన్యన్, ఆపైన జయాన్, బ్రైస్. వీలయితే తిరుగు దారిలో డెత్ వ్యాలీ. మనవల బడికి సెలవులు అప్పుడే గనుక ఇదంతా జూన్, జూలై మాసాలలో జరుగుతుంది.

ఈ విషయంలో నా అభిప్రాయాన్ని ముందుగానే చెబుతాను. అరవై ఏళ్ళు దాటినవారు, అందునా రక్తపుపోటు, మధుమేహం, గుండెజబ్బు ఉన్నవారు వెంట ఉంటే ఈ యాత్రను అక్టోబరుకు జరపండి. జరపడం సాధ్యం కాకపోతే లోయను అంచున నిలిచి చూడండి, లోపలికి దిగకండి. యాత్రా ప్రణాళిక పటంతో కాక, కుటుంబంలో అందరికంటే పెద్దవారి ఆరోగ్యంతో మొదలు కావాలి.

ఎండలు మనకు కొత్తా?

ఈ మాట చెప్పినపుడు నాకు వెంటనే వచ్చే సమాధానం ఇది: "నలభై నాలుగు డిగ్రీల ఎండలో పుట్టి పెరిగినవాళ్ళం, అమెరికా ఎండ మమ్మల్నేం చేస్తుంది?" ఇది ప్రమాదకరమైన ధీమా. 2015వ సంవత్సరం మే నెలలో వీచిన వడగాలులకు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో కలిపి రెండు వేల మందికి పైగా మరణించారు. వారంతా ఈ ఎండలో పుట్టి పెరిగినవారే.

మన పెద్దలకు తెలిసినది ఎండను భరించే విద్య కాదు; ఎండను తప్పించుకొనే విద్య. మా ప్రాంతంలో తునికాకు కోసేవారు తెల్లవారకముందే అడవికి వెళ్ళి, ఎండ ముదరకముందే ఇల్లు చేరుతారు. ఉపాధి హామీ పనులు పొద్దున్నే మొదలవుతాయి. మధ్యాహ్నం వీధులు నిర్మానుష్యమవుతాయి. అంబలి, జొన్న గటక, పలుచని మజ్జిగ, తలకు తువ్వాలు, వేపచెట్టు నీడ, ఇవన్నీ కలిసి మనలను కాపాడుతాయి. యాత్రకు బయలుదేరినపుడు ఈ ఏర్పాటు అంతటినీ ఇంట్లో వదిలి, ఎండను మాత్రం నెత్తిన పెట్టుకుంటాము. ముందే డబ్బు కట్టిన గదులు, టికెట్ల సమయాలే మన దినచర్యను నిర్ణయిస్తాయి. హార్స్‌షూ బెండ్ వద్ద వాహనం దిగేసరికి మధ్యాహ్నం ఒంటి గంట అవుతుంది. వెళ్ళి రావడానికి నడవవలసిన దూరం సుమారు రెండున్నర కిలోమీటర్లు. దారిలో నీడ బహు స్వల్పం.

మరొక సంగతి. వేడికి శరీరం అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆ అలవాటు శాశ్వతం కాదు. కొద్ది వారాలు చల్లని గదులలో గడిపితే పోతుంది. మే నెలలో ఇక్కడి నుంచి వెళ్ళి, నెల రోజులు ఏసీ ఇంట్లో ఉన్న తల్లిదండ్రులు జూలైలో ఎడారిలో అడుగుపెట్టేనాటికి ఇక్కడి ఎండకు అలవాటుపడిన శరీరం వారికి ఉండదు.

ఎడారిలో శరీరానికి ఏమవుతుంది?

మన చర్మపు ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు. చుట్టూ ఉన్న గాలి అంతకంటే వేడెక్కినపుడు శరీరం గాలికి వేడిని ఇవ్వలేదు, పైగా గాలి నుంచి పుచ్చుకుంటుంది. అప్పుడు మిగిలే ఉపాయం ఒక్కటే, చెమట ఆవిరి కావడం. ఎడారి గాలి పొడిగా ఉండటం వలన చెమట పుట్టిన వెంటనే ఆవిరవుతుంది, చొక్కా తడవదు. ఇక్కడ చెమట కారుతుంటే నీళ్ళు తాగాలని మనకు తోస్తుంది. అక్కడ ఆ సూచన అందదు. "చెమటే పట్టడం లేదు, హాయిగా ఉంది" అనుకుంటూనే మనిషి లీటర్ల కొద్దీ నీటిని కోల్పోతాడు. వయసు మళ్ళినవారిలో దాహం సహజంగానే మందగిస్తుంది. స్వేదగ్రంథులు, మూత్రపిండాలు కూడా మునుపటి చురుకుతో పనిచేయవు.

గ్రాండ్ కాన్యన్‌లో దీనికి ఎత్తు తోడవుతుంది. మనం సముద్రమట్టానికి వెయ్యి అడుగుల లోపు ఎత్తులో నివసించేవాళ్ళం. ఆ లోయ దక్షిణపు అంచు సుమారు 7,000 అడుగుల ఎత్తున ఉంది. బ్రైస్ అంచు 8,000 అడుగులు దాటుతుంది. అక్కడ ప్రతి శ్వాసలో లభించే ప్రాణవాయువు సముద్రతీరంతో పోలిస్తే ఐదింట ఒక వంతుకు పైగా తక్కువ. గుండెజబ్బు, ఊపిరితిత్తుల వ్యాధి ఉన్నవారికి ఇది చిన్న విషయం కాదు.

ఇక లోయ స్వభావం చూడండి. తిరుమల కొండ ఎక్కేటపుడు అలసట ముందు వస్తుంది. ఓపిక లేనివారు మధ్యలో ఆగి వెనుదిరుగుతారు, దిగడం తేలిక. లోయలో ఇది తలకిందులు. దిగడం తేలిక, ఉత్సాహం నిండుగా ఉంటుంది. అలసట తెలిసేనాటికి ఎదుట ఎక్కవలసిన దారి అంతా మిగిలి ఉంటుంది. దిగిన సమయానికి రెట్టింపు సమయం ఎక్కడానికి పడుతుంది. పైగా దిగుతున్న కొద్దీ వేడి పెరుగుతుంది. జూలైలో అంచున పగటి ఉష్ణోగ్రత సగటున 29 డిగ్రీలుంటే, ఒకటిన్నర కిలోమీటరు దిగువన నది ఒడ్డున 41 డిగ్రీలుంటుంది. అంచున నిలిచి "వాతావరణం బాగుంది, కొద్ది దూరం దిగివద్దాం" అనుకునేవారికి ఈ తేడా తెలియదు. వేసవిలో ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు వరకు లోయ లోపలి దారులలో నడవవద్దని, అంచు నుంచి నది వరకు వెళ్ళి ఒకే రోజున తిరిగి రావాలని ప్రయత్నించవద్దని ఉద్యానవన అధికారులే హెచ్చరిస్తారు. ఆ మాట యువకులకు కూడా వర్తిస్తుంది.

డెత్ వ్యాలీ గురించి ఒక్క మాట చాలు. 1913 జూలై 10న అక్కడ నమోదైన 56.7 డిగ్రీలే భూమిపై గుర్తింపు పొందిన అత్యధిక వాయు ఉష్ణోగ్రత. అక్కడి ఉష్ణమాపకం పక్కన నిలిచి ఛాయాచిత్రం తీయించుకోవడానికి వేసవిలో తల్లిదండ్రులను తీసుకువెళ్ళడం వినోదం కాదు.

మందుల సంచిని పరిశీలించండి

రక్తపుపోటుకు వాడే మాత్రలలో చాలావాటిలో మూత్రాన్ని పెంచే మందు కలిసి ఉంటుంది. టెల్మిసార్టాన్‌తో జతచేసిన హైడ్రోక్లోరోథయాజైడ్ మన దగ్గర ఎంతో వాడుకలో ఉంది. వేసుకునేవారిలో చాలామందికి ఆ రెండవ మందు ఉన్నదనే తెలియదు. మధుమేహానికి ఇచ్చే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు మూత్రంలో చక్కెరతో పాటు నీటినీ బయటకు పంపుతాయి. అటెనొలాల్, మెటోప్రొలాల్ వంటివి వేడికి తగినట్లు గుండె వేగం పెరగనీయవు. జలుబుకు, ప్రయాణపు వాంతులకు వేసుకునే కొన్ని మాత్రలు చెమటను తగ్గిస్తాయి. వీటిలో దేనినీ మీ అంతట మీరు ఆపవద్దు. ప్రయాణానికి నెల రోజుల ముందే మీ వైద్యుని కలిసి, ఎడారికి వెళ్తున్నామని చెప్పి, మోతాదు మార్చవలసిన అవసరం ఉన్నదేమో అడగండి. గుండె వైఫల్యం, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు రోజుకు ఎన్ని నీళ్ళు తాగవచ్చో కూడా అడగాలి.

మన మందుల వ్యాపారనామాలు అమెరికాలో ఎవరికీ తెలియవు. కాబట్టి రసాయన నామాలు, మోతాదులు రాసిన కాగితం ఒకటి జేబులో, ఒకటి కారులో ఉంచండి. ఇన్సులిన్‌ను ఆగి ఉన్న కారులో వదలకండి. పది నిమిషాలలో కారు లోపలి వేడి పది డిగ్రీలు పెరుగుతుంది. ప్రయాణ ఆరోగ్య బీమాలో పాత జబ్బులకు వర్తింపు ఉన్నదో లేదో చదివి చూడండి.

చెప్పని బాధలు

నా వృత్తి జీవితంలో తరచుగా గమనించిన సంగతి ఒకటుంది. మన తల్లులు ప్రయాణంలో నీళ్ళు తాగరు. మూత్రవిసర్జనకు చోటు దొరకదేమోనన్న భయం, పదేపదే కారు ఆపమనడానికి మొహమాటం. తండ్రులు అలసటను ఒప్పుకోరు. పిల్లలు ఇంత ఖర్చు పెట్టి తీసుకువచ్చారు, మన వలన వారి సరదా పాడుకాకూడదని ఇద్దరూ అనుకుంటారు. "అమ్మా, బాగున్నావా?" అని అడిగితే "బాగానే ఉన్నాను, మీరు వెళ్ళిరండి" అనే సమాధానమే వస్తుంది. కాబట్టి అడగవద్దు, ఏర్పాటు చేయండి. గంటకొకసారి మరుగుదొడ్డి ఉన్న చోట కారు ఆపండి. వారి చేతికి సీసా ఇచ్చి, ఎంత తాగారో మీరే చూడండి. మూత్రం ముదురు పసుపు రంగులో ఉన్నా, ఐదారు గంటలు రాకపోయినా అది హెచ్చరిక.

అక్టోబరు ఎందుకు?

సందర్శక వీసాపై వచ్చినవారికి సాధారణంగా ఆరు నెలల వరకు ఉండేందుకు అనుమతి లభిస్తుంది. మే నెలలో వచ్చినవారికి అక్టోబరు అందుబాటులోనే ఉంటుంది. అప్పుడు గ్రాండ్ కాన్యన్ అంచున పగటి వేడి సగటున 18 డిగ్రీలు, నది ఒడ్డున 29 డిగ్రీలు. ఇరుకు లోయలలో హఠాత్తుగా ముంచెత్తే వరదల కాలమూ చాలావరకు గడిచిపోతుంది. 1997 ఆగస్టు 12న ఎక్కడో దూరాన కురిసిన వాన యాంటిలోప్ కాన్యన్‌లోకి వరదగా వచ్చి పదకొండు మంది యాత్రికులను బలిగొన్నది.

"మనవల బడి మాటేమిటి?" అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అక్టోబరు రెండవ సోమవారం అక్కడ జాతీయ సెలవు. చాలా బడులు కూడా ఆ రోజు మూసి ఉంటాయి. దానికి శుక్రవారం జతచేస్తే నాలుగు రోజులు దొరుకుతాయి. పిల్లవాడు ఒక రోజు బడి మానితే ఆ పాఠం మళ్ళీ చదువుకోవచ్చు. డెబ్బై ఏళ్ళ తాతగారికి వడదెబ్బ తగిలితే మూత్రపిండాలు, మెదడు మునుపటి స్థితికి వస్తాయన్న హామీ ఏ వైద్యుడూ ఇవ్వలేడు.

వేసవిలోనే వెళ్ళక తప్పకపోతే

మన ఊరి మే నెల దినచర్యను అక్కడికి తీసుకువెళ్ళండి. జూన్‌లో గ్రాండ్ కాన్యన్ వద్ద సూర్యోదయం ఐదు, ఐదున్నర మధ్య అవుతుంది. ఆ వేళకు మేథర్ పాయింట్ చేరి, తొమ్మిదింటికి గదికి తిరిగి రండి. మళ్ళీ ఐదు తరువాత బయలుదేరండి. అంచు వెంబడి ఉచిత బస్సులు తిరుగుతాయి. నడవలేనివారు యావపై ప్రదర్శనశాల కిటికీల నుంచి లోయను నీడలో కూర్చుని చూడవచ్చు. జయాన్‌లో కూడా పెద్దలకు ఉదయపు బస్సు ప్రయాణమే మేలు. జూలై మధ్యాహ్నం అక్కడ 38 డిగ్రీలు మామూలే. నాలుగు రోజులలో నాలుగు ఉద్యానవనాలు వద్దు, రెండు చాలు.

వట్టి నీళ్ళు మాత్రమే అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, అదీ ప్రమాదమే. నీళ్ళతో పాటు ఉప్పు వేసిన మజ్జిగ, పులిహోర, పల్లీలు తీసుకోండి. ఓ.ఆర్.ఎస్. పొట్లాలు ఇక్కడి నుంచే పట్టుకువెళ్ళండి. వదులైన నూలు బట్టలు ధరించి, తడిపిన తువ్వాలు మెడకు చుట్టుకోండి. పొడిగాలిలో దానికి మించిన చలువ లేదు.

తలనొప్పి, వికారం, పిక్కలు పట్టడం కనిపిస్తే నీడకు చేర్చి, పడుకోబెట్టి, ఉప్పు కలిసిన ద్రవాలు పట్టండి. మాట తడబడినా, తూలినా, పొంతన లేకుండా మాట్లాడినా అది వడదెబ్బ. చెమట పడుతున్నంత మాత్రాన వడదెబ్బ కాదని భావించవద్దు. 911కు ఫోన్ చేయండి. సహాయం వచ్చేలోగా బట్టలు వదులుచేసి, ఒళ్ళంతా నీటితో తడిపి విసరండి. స్పృహ లేనివారి నోట నీళ్ళు పోయకండి. పారాసిటమాల్ ఈ వేడిని తగ్గించదు.

ఈ నియమాలు అమెరికా వెళ్ళేవారికే కాదు. మే నెలలో పెన్నా నది గండిని చూడటానికి గండికోటకు పెద్దలను తీసుకువెళ్ళే కుటుంబాలకు కూడా ఇవే వర్తిస్తాయి. లోయలు లక్షల సంవత్సరాలుగా అక్కడే ఉన్నాయి. మూడు నెలలు ఆలస్యమైనా అక్కడే ఉంటాయి. టికెట్లు కొనకముందే తల్లిదండ్రుల మందుల జాబితా ఎదుట పెట్టుకుని, క్యాలెండరులో అక్టోబరు పుట తెరవండి.